సంతకానికి ముందు అడగండి

2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో పరిశోధకులు మరణాల కారణాలను ఆరా తీశారు. చనిపోయినవారి ఇళ్లకెళ్లి, అయినవాళ్లను అడిగి తెలుసుకున్నారు. గుండెజబ్బులు, పక్షవాతమే ముందువరుసలో ఉన్నాయని తేలింది.

జనం నమ్మి నోరు విప్పితేనే ఇలాంటి నిజాలు బయటపడతాయి. కానీ ఆ నమ్మకం దెబ్బతిన్న సందర్భమూ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో పరిశోధనలో భాగంగా గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, చాలామంది తరఫున హాస్టల్ వార్డెన్లే సమ్మతి పత్రాలపై సంతకాలు పెట్టారు. గొడవై, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది.

అందుకే నియమాలు తెలుసుకోవాలి. మనుషులపై చేసే వైద్య పరిశోధనకు ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఆ కమిటీలో వైద్యులతోపాటు చట్టం తెలిసినవారు, సామాన్యులూ ఉంటారు. సమ్మతి పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువురానివారికి సాక్షి ఎదుట చదివి వినిపించాలి. వద్దన్నంత మాత్రాన వైద్యం ఆపకూడదు. సంతకం చేసేముందు అన్నీ అడగండి, పత్రం నకలు ఒకటి దగ్గర ఉంచుకోండి.