కొలతయే రసాయన శాస్త్రానికి పునాది



ఇరవై అయిదేళ్ల పండుగకు వెండి పేరు, యాభై ఏళ్ల పండుగకు బంగారం పేరు, డెబ్బది అయిదేళ్ల పండుగకు ప్లాటినం పేరు పెట్టడం లోకంలో ఆచారమైనది. మొదటి రెండు లోహాలూ ప్రతి ఇంటికీ తెలిసినవే. మూడవదానిని చేతితో తాకినవారు తక్కువ. అది గాలికి నల్లబడదు, తేమకు తుప్పు పట్టదు, సామాన్యమైన ఆమ్లాలకు లొంగదు. ఒక ఘన సెంటీమీటరు ప్లాటినం 21 గ్రాములకు పైగా తూగుతుంది. అంతటి స్థిరత్వం గల లోహం కనుకనే ప్రపంచం తన తూకపురాయిని దానితో చేయించుకొన్నది. ఆ విధంగా ఈ ఉత్సవపు పేరుకూ, రసాయన శాస్త్రంలో పిల్లలు నేర్చే తొలి పాఠాలకూ దగ్గర సంబంధం ఉన్నది. పదార్థం అంటే ఏమిటి, దానిని కొలవడం ఎట్లా, ఆ కొలతను నలుగురూ నమ్మడం ఎట్లా అన్న మూడు ప్రశ్నలే నేటి ప్రసంగ విషయం.

ఏ రాశిని చెప్పవలసి వచ్చినా రెండు అంశాలు అవసరం. ఒకటి సంఖ్య, రెండవది ప్రమాణం. అంగడికి వెళ్లి "బియ్యం రెండు ఇవ్వండి" అంటే వర్తకుడు "రెండు ఏమిటి?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగిన వర్తకునికి భౌతిక, రసాయన శాస్త్రాల మొదటి సూత్రం తెలిసినట్లే. పరీక్ష కాగితంలో "జవాబు 5" అని వ్రాసి ఊరుకొన్న విద్యార్థికి ఆ సూత్రం ఇంకా అందలేదు. అది 5 గ్రాములా, 5 మిల్లీలీటర్లా, 5 నిమిషాలా తెలియనంతవరకు ఆ జవాబు జవాబే కాదు.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి అని వెనుకటి తరాల పిల్లలు ఎక్కాలతో పాటు వల్లె వేసేవారు. తూనికలకు మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక సేరు, అయిదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు అన్న వరుస ఉండేది. చిన్న ప్రమాణం నుండి పెద్ద ప్రమాణానికి మెట్టు మెట్టుగా ఎక్కించిన చక్కని కట్టడం అది. అందులో లోపం లెక్కలో లేదు. ఒక ఊరి కుంచం పొరుగూరి కుంచంతో సరిపోలకపోవడమే దాని లోపం.

పుట్టిన నేలను విడిచి దూర నగరాలలో స్థిరపడిన కుటుంబాలకు ఈ లోపం ఎంతటిదో వేరుగా చెప్పనక్కర లేదు. మణుగు అన్న మాట చెన్నపట్నంలోనూ, బొంబాయిలోనూ, కలకత్తాలోనూ వినిపించేది. కానీ చెన్నపట్నపు మణుగు 25 పౌండ్లు, బొంబాయి మణుగు 28 పౌండ్లు, బెంగాలు మణుగు 82 పౌండ్లకు పైన. నేటి కొలతలో చెప్పాలంటే మొదటిది 11 కిలోగ్రాముల పైచిలుకు, మూడవది 37 కిలోగ్రాముల పైచిలుకు. మాట ఒకటే, సరుకు మూడు రకాలు. తెలిసినవాడు లాభపడేవాడు, తెలియనివాడు మోసపోయేవాడు.

ఫ్రాన్సు దేశంలోనూ పదునెనిమిదవ శతాబ్దంలో ఇదే అవస్థ. ఏ రాజు చేతి పొడవునూ, ఏ ఊరి కుంచాన్నీ ఆశ్రయించని కొలత కావాలని అక్కడి శాస్త్రవేత్తలు 1791లో తలపెట్టారు. ఉత్తర ధ్రువం నుండి భూమధ్యరేఖ వరకు గల దూరంలో కోటియవ వంతును మీటరు అన్నారు. ఒక లీటరు నీటి ద్రవ్యరాశిని కిలోగ్రాము అన్నారు. నీటిని అతి జాగ్రత్తగా తూచే ఆ పనిలో ఆదిలో పాలుపంచుకొన్న వారిలో ఆధునిక రసాయన శాస్త్ర పితామహుడుగా పేరొందిన లవాయిజర్ ఒకరు. 1794లో ఆయన విప్లవకారుల చేతిలో శిరచ్ఛేదానికి గురి అయ్యారు. తలపెట్టిన కార్యం మాత్రం ఆగలేదు. 1799లో ప్లాటినంతో చేసిన మీటరు కడ్డీ, కిలోగ్రాము దిమ్మె పారిసులోని రాజ్య పత్రాలయంలో భద్రపరచబడ్డాయి.

భారతదేశం 1956లో తూనికలు, కొలతల చట్టం చేసి, 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూకాలను దశలవారీగా అమలులోనికి తెచ్చింది. అంతకు ముందే, 1957 ఏప్రిల్ 1 నుండి, అణాల స్థానంలో నయాపైసలు వచ్చాయి. మూడు మణుగుల తగవు ఆ విధంగా తీరింది.

ఇక పదార్థం సంగతి. కొలత లేనంతకాలం రసాయన విద్య రంగులు, వాసనలు, పొగల వర్ణనగా ఉండిపోయింది. మండిన కట్టె బూడిద అయినప్పుడు మిగిలినది ఎక్కడికి పోయినదని ప్రశ్నించి, మూసిన పాత్రలో ప్రయోగం చేసి, ముందూ వెనుకా త్రాసులో తూచినప్పుడు అది శాస్త్రమైనది. చర్యకు ముందు ఎంత ద్రవ్యరాశి ఉన్నదో చర్య తరువాత కూడా అంతే ఉంటుందని లవాయిజర్ నిరూపించారు. ఇదే ద్రవ్య నిత్యత్వ నియమం.

ఈ నియమాన్ని తెలుసుకొనడానికి ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదు. గోడకు వేసే సున్నం చాలు. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోగ్రాములు తీసుకొని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే 56 కిలోగ్రాముల పొడిసున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోగ్రాములు నశించలేదు, బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసినవి. ఆ పొడిసున్నానికి 18 కిలోగ్రాముల నీరు చేరితే బుసబుస పొంగి, వేడెక్కి, 74 కిలోగ్రాముల తడిసున్నం అవుతుంది. దానిని మరికొంత నీటిలో కలిపి గోడకు పూస్తారు. గోడ మీది సున్నం గాలి నుండి 44 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువును మెల్లగా తిరిగి గ్రహించి, 18 కిలోగ్రాముల నీటిని విడిచి, మరల 100 కిలోగ్రాముల సున్నపురాయి అవుతుంది. సున్నం వేసిన రెండు మూడు రోజులకు గోడకు మెరుపు రావడానికి కారణం ఇదే. జమా ఖర్చు పద్దులో దమ్మిడీ తేడా రాదు.

ఈ ఒక్క ఉదాహరణలోనే మూలకం, సమ్మేళనం, మిశ్రమం అన్న మూడు మాటలకూ అర్థం దొరుకుతుంది. కాల్షియం, కర్బనం, ప్రాణవాయువు మూలకాలు. సాధారణ రసాయన చర్యల ద్వారా అంతకన్న సరళమైన పదార్థాలుగా విడగొట్టడానికి వీలు కానివి. సున్నపురాయి సమ్మేళనం. అది ఏ కొండలో పుట్టినా, ఏ గవ్వ పెంకు నుండి వచ్చినా, శుద్ధమైన 100 గ్రాములలో కాల్షియం 40, కర్బనం 12, ప్రాణవాయువు 48 గ్రాములే ఉంటాయి. సున్నం, ఇసుక, నీరు కలిపిన అడుసు మిశ్రమం. దానిలో ఇసుక పాలు ఎంత ఉండాలో మేస్త్రి ఇష్టం. సమ్మేళనంలోని పాళ్లను మార్చడం ఎవరి తరమూ కాదు. ఈ స్థిరానుపాత నియమాన్ని ప్రౌస్ట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించగా, అట్లా ఎందుకు జరుగుతున్నదో 1808లో డాల్టన్ పరమాణు సిద్ధాంతం వివరించింది. ఒక్కొక్క మూలకపు పరమాణువుకు ఒక నిర్దిష్టమైన ద్రవ్యరాశి ఉండి, అవి చిన్న చిన్న పూర్ణాంకాల లెక్కన కలియడమే అందుకు కారణం.

పరమాణువులు కంటికి కానరావు. లెక్కపెట్టడం అసాధ్యం. మరి రసాయన శాస్త్రజ్ఞుడు ఎట్లా లెక్కిస్తాడు? ధాన్యపు గింజలను రైతు ఎట్లా లెక్కిస్తాడో అట్లాగే. వరిగింజలను ఎవరూ ఒక్కొక్కటిగా ఎంచరు, మానికతోనో కుంచంతోనో కొలుస్తారు. పరమాణువులకు, అణువులకు అట్టి కుంచమే మోల్. 1971లో ఇది అంతర్జాతీయ పద్ధతిలోని ఏడు మూల ప్రమాణాలలో ఒకటిగా చేరింది. తక్కినవి మీటరు, కిలోగ్రాము, సెకను, ఆంపియర్, కెల్విన్, కాండెలా.

ఒక మోల్ నీరు 18 గ్రాములు. ఒక మోల్ ఉప్పు 58.5 గ్రాములు. ఒక మోల్ పంచదార 342 గ్రాములు. తూకాలు వేరైనా లెక్క ఒకటే, 6.022 × 10²³. ఈ సంఖ్యను అవగాడ్రో సంఖ్య అంటారు. 18 గ్రాముల నీరు అంటే రెండు గుక్కలకు మించదు. ఆ నీటిలోని అణువులను 800 కోట్ల మంది ప్రజలు పంచుకొని, సెకనుకు ఒక్కటి చొప్పున రాత్రింబవళ్లు లెక్కపెట్టినా ముగియడానికి సుమారు 24 లక్షల సంవత్సరాలు పడుతుంది. త్రాసు ఆ పనిని ఒక్క నిమిషంలో చేస్తుంది. తూకం ద్వారా లెక్కను తెలుసుకొనే ఈ ఉపాయం పట్టుబడిన విద్యార్థికి రసాయన సమీకరణాలు భయపెట్టవు.

ఇప్పుడు మరల ప్లాటినం దగ్గరకు రావాలి. 1889లో ప్లాటినం 90 పాళ్లు, ఇరీడియం 10 పాళ్లు కలిపిన ఒక చిన్న దిమ్మెను ప్రపంచ కిలోగ్రాముగా అంగీకరించారు. దాని ఎత్తు 39 మిల్లీమీటర్లు, అడ్డుకొలత కూడా అంతే. పారిసు సమీపంలోని సెవ్ర్‌లో గాజు బోనుల క్రింద అది భద్రపరచబడినది. దాని నకళ్లు దేశదేశాలకు పంపబడ్డాయి. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నది 57వ సంఖ్య గలది. అయితే 1988 తరువాత జరిగిన సరిచూపులో అసలుకూ నకళ్లకూ నడుమ, సుమారు నూరేళ్లలో, 50 మైక్రోగ్రాముల వరకు తేడా వచ్చినట్లు తేలింది. ఒక గ్రామును 20,000 భాగాలు చేస్తే అందులో ఒక భాగం అది. అంతటి ప్లాటినం కూడా కాలానికి పూర్తిగా అతీతం కాలేకపోయింది.

అందువలన 2018 నవంబరులో ప్రపంచ దేశాల ప్రతినిధులు సమావేశమై, వస్తువుపై ఆధారపడడం మాని, ప్రకృతిలో మార్పులేని ప్లాంక్ స్థిరాంకంపై కిలోగ్రామును నిలపాలని నిర్ణయించారు. 2019 మే 20 నుండి అది అమలులోనికి వచ్చింది. మోల్ కూడా అదే రోజున 6.02214076 × 10²³ కణాల సముదాయంగా నిర్వచింపబడినది. 130 సంవత్సరాలు సేవ చేసిన ఆ దిమ్మె గౌరవంగా పక్కకు తప్పుకొన్నది. బజారులో తూకం మారలేదు. ఆ తూకం వెనుక ఉన్న హామీ మాత్రం మరింత గట్టిపడింది.

ఇవన్నీ ప్రయోగశాలల వారికి సంబంధించిన సూక్ష్మాలని అనుకొనరాదు. 1983 జూలై 23న కెనడాలో ఒక విమానానికి ఇంధనం పోసేటప్పుడు కిలోగ్రాములకు బదులు పౌండ్ల లెక్క వాడారు. కావలసిన దానిలో సగం కూడా చేరలేదు. ఆకాశమధ్యంలో రెండు యంత్రాలూ ఆగిపోయాయి. చోదకుల నేర్పు వలన గిమ్లీ అనే చోట పాత విమానాశ్రయంలో దిగి, అందులోని 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అంకెలు కూడికలో తప్పలేదు, ప్రమాణం తప్పింది.

అంత దూరం పోనక్కర లేదు. పసిపిల్లల జ్వరానికి వాడే పారాసెటమాల్ సిరప్ సీసాపై సాధారణంగా 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అదే మందు చుక్కల సీసాపై 1 మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అనగా సిరప్‌లో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు, చుక్కల మందులో 100. రెండవది నాలుగు రెట్లు ఘాటు. "పోయినసారి ఒక చెంచా ఇచ్చాం, ఈసారీ అంతే" అని చుక్కల మందును చెంచాతో పోస్తే శిశువు కాలేయానికే ముప్పు. మిల్లీలీటరు ఘనపరిమాణం, మిల్లీగ్రాము ద్రవ్యరాశి. ఈ తేడా తెలిసిన తల్లి, సీసాపై ఉన్న వ్రాతను చదివి, వైద్యుని అడిగి, సీసాతో ఇచ్చిన కొలపాత్రతోనే మందు పోస్తుంది. ఎనిమిదవ తరగతి పాఠం ఒక ఇంటి దీపాన్ని కాపాడగలదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

తెలుగు మాధ్యమంలో శాస్త్రం చదివిన బిడ్డ పై చదువులలో వెనుకబడునేమోనన్న శంక పలువురు తల్లిదండ్రులలో ఉన్నది. ఆ శంకను తేలికగా త్రోసివేయడం న్యాయం కాదు. కళాశాలలో పుస్తకాలు ఆంగ్లంలో ఉంటాయి, పదాలు కొత్తవి అవుతాయి. కానీ మూలకాల సంకేతాలు, ప్రమాణాల గుర్తులు, సమీకరణాలు అన్ని భాషలలోనూ ఒక్కటే. మోల్ ఏ దేశంలోనైనా మోలే. మారేవి పేర్లు మాత్రమే. సమ్మేళనం అన్నప్పుడు కూడికను, మిశ్రమం అన్నప్పుడు కలగలుపును ఊహించగలిగిన పిల్లవాడు, ఆ భావానికి మరొక భాషలోని పేరును కొద్ది నెలలలో నేర్వగలడు. భావం అందకుండా పేరు మాత్రమే కంఠస్థం చేసినవానికి ఏ భాషా తోడు రాదు. పై తరగతులలో ఉపాధ్యాయులు నల్లబల్లపై రెండు పేర్లనూ పక్కపక్కన వ్రాయించడం, ఇంట్లో పెద్దలు పిల్లలచేత పప్పు తూయించి, పాలు కొలిపించి, మందు సీసా చదివించడం, ఈ రెండూ జరిగితే ఆ శంకకు తావుండదు.

75 సంవత్సరాలు అన్నది సంఖ్య, ప్రమాణం రెండూ గల కొలత. కాలాన్ని అది సరిగా చెబుతుంది. ఈ బడిలో పిల్లలు చేసుకొన్న అవగాహనను కొలవడానికి మాత్రం, వారు బయటి ప్రపంచంలో ఎంత సరిగా చూస్తున్నారో, ఎంత నిజాయితీగా తూస్తున్నారో పరిశీలించాలి. పూర్వ విద్యార్థులు తమ తమ వృత్తులలో ఆ పరీక్షకు నిలుస్తున్నారు. రాబోయే తరాలూ నిలుచుగాక.