ఇంజను నూనె మాడు వాసన
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



చెత్త మోయుటకును, నీటి డ్రమ్ములు చేరవేయుటకును నేడు పెక్కు గ్రామములలో పికప్పు బండ్లు తిరుగుచున్నవి. పంచాయతీ నిధితో కొన్న బండియైనచో దాని మరమ్మతు బిల్లు మీ సమావేశము ముందునకే వచ్చును. కనుక అట్టి బండినుండి వెలువడు ఒక వాసనను గూర్చి మాత్రమే ఈ పూట మాటలాడ దలచితిని. అది ఇంజను నూనె మాడిన వాసన.

ముందుగా నా తప్పు చెప్పుకొందును. నేను మరమ్మతు పనిలో ప్రవేశించిన తొలినాళ్లలో ఒక పంచాయతీవారి డీజిలు పికప్పు నా యొద్దకు వచ్చినది. బండి ఆగినంతనే మాడు వాసన వచ్చుచున్నదని డ్రైవరు చెప్పెను. నేను బానెట్టు ఎత్తి చూడకయే క్లచ్చి ప్లేటు కాలుచున్నదని నిశ్చయించి, దానిని మార్చితిని. వేల రూపాయలు ఖర్చయినవి. మూడవనాడు బండి అదే వాసనతో తిరిగి వచ్చినది. ఈ మారు సావకాశముగ చూడగా, ఇంజను తలపైనుండు టాపెట్ కవరు అంచునుండి నూనె సన్నని తడిగా దిగి, వేడి పొగ వెడలు మేనిఫోల్డుపై బొట్లుబొట్లుగ పడుచుండెను. కావలసినది ఒక రబ్బరు గాస్కెట్టు మాత్రమే! వ్యయమైనది ఊరివారి ధనము. ఆ సంగతి నేటికిని నాకు మరపునకు రాలేదు.

క్లచ్చి వాసన బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు వచ్చును. నూనె వాసన అట్లు కాదు. బండి పోవుచున్నంతసేపు గాలి దానిని కొట్టుకొనిపోవును. బండి నిలిచినప్పుడు బానెట్టు సందులనుండి లేచి డ్రైవరు కూర్చుండుచోటికి వచ్చును. తీపి వాసనయైనచో రేడియేటరులోని కూలెంటు కారుచున్నదేమో చూడవలెను. ప్లాస్టిక్కు మాడిన వాసనయైనచో కరెంటు తీగలను పరీక్షించువరకు బండిని కదల్పరాదు.

సైలెన్సరు గొట్టమునుండి నీలిపొగ వచ్చుచున్నచో నూనె ఇంజను లోపలనే కాలుచున్నదన్నమాట. రింగులో, వాల్వు సీళ్లో, టర్బో సీలో అరిగియుండవచ్చును. అది పెద్ద పని. నీలిపొగ లేక వాసన మాత్రమే యున్నచో నూనె వెలుపల ఎక్కడనో కారుచున్నదని వెదకవలెను.

వెదకుటకు పూర్వము ఇంజను పూర్తిగ చల్లారవలెను. బండిని సమతలముపై నిలిపి, డిప్‌స్టిక్కు తీసి నూనె మట్టము చూడుడు. పిదప ఇంజనును శుభ్రముగ తుడిపించి, పది పదునైదు కిలోమీటర్లు నడిపించి, ఆపి, టార్చిలైటుతో పైనుండి క్రిందికి చూడవలెను. నూనె క్రిందికి జారును, గాలికి వెనుకకు కొట్టుకొనిపోవును. కావున బొట్టు పడినచోటు కాక, తడి కనబడిన అన్నిటికంటె పై చోటే దాని పుట్టుక. రాత్రి బండి క్రింద అట్ట పరచియుంచినచో ఉదయమునకు గుర్తులు తెలియును.

క్రొత్తగా ఆయిలు మార్పించిన బండియైనచో మొదట ఫిల్టరును, డ్రెయిన్ ప్లగ్గును చూడుడు. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకే అంటుకొనియుండగా, దానిపైననే క్రొత్త ఫిల్టరు బిగించుట అనుభవజ్ఞులు సయితము చేయు పొరపాటు. పోయునప్పుడు ఒలికిన నూనెయే మాడుచున్నచో ఆ వాసన కొలది దినములలో తానే పోవును.

గాస్కెట్టు మార్చునప్పుడు పాతదాని ముక్కలను పూర్తిగ తీసి, రెండు ముఖములను తుడువవలెను. అల్యూమినియముపై ఇనుప ఉలితో గీకరాదు. బోల్టులను నడుమనుండి చివరలకు, కంపెనీ పుస్తకములో చెప్పిన బిగువునకే బిగింపవలెను. బలముకొలది బిగించినచో కవరు వంగి, నూనె మరల కారును. మా వృత్తిలో కండబలమువలన చెడిన పనులు తక్కువ కావు.

క్రొత్త గాస్కెట్టు సయితము నెల తిరుగకుండ కారినచో బ్రీదరు గొట్టము చూడవలెను. పిస్టనుల ప్రక్కనుండి క్రిందికి దిగిన వాయువులు ఆ గొట్టముగుండనే బయటపడవలెను. అది మడ్డితో మూసుకొనినచో లోపలి ఒత్తిడి పెరిగి, బలహీనమైన ప్రతి సీలునుండి నూనెను వెలికి నెట్టును. అప్పుడు గాస్కెట్టులు ఎన్ని మార్చినను ఫలము లేదు.

మేనిఫోల్డుపై మిగిలిన నూనెను తుడువనిచో మరమ్మతు అయిన పిదప కూడ నాలుగైదు ప్రయాణములవరకు వాసన వచ్చుచునే యుండును. దానినిబట్టి పని చెడినదని మెకానికును తిట్టరాదు.

“వాసనయే కదా, నూనె పోయుచు నడుపుదము” అను డ్రైవర్లు కలరు. ఇంజను నూనె ఆవిరి సుమారు 200 డిగ్రీల సెల్సియసు పైబడిన వేడిలో నిప్పు తగిలినచో మండును. బరువు లాగు బండి మేనిఫోల్డు అంతకు మిక్కిలి మించి కాగును. మంట కనబడినచో ఇంజను ఆపి, అందరును దిగి దూరముగ పోవలెను. బానెట్టు పూర్తిగ ఎత్తరాదు, నీరు చల్లరాదు. మంట చిన్నదైనచో పొడి మందుగల ఆర్పు సాధనమును సందునుండి ప్రయోగింపవలెను. ఆ సాధనము బండిలో నున్నదో లేదో మీరు రేపే చూడగలరు.

నేను చెప్పిన ఆ పికప్పు డ్రైవరు చదివినది స్వల్పమే. అయినను గాస్కెట్టు వేసిన పిదప ప్రతి సోమవారము లాగుబుక్కులో కిలోమీటర్లు, డిప్‌స్టిక్కు మట్టము, పోసిన నూనె వ్రాయ మొదలిడెను. ఆరు నెలలకు అతడు ఆ పుస్తకము తెచ్చి చూపెను. “పోసిన నూనె” అను గడిలో వరుసగా సున్నలే యుండెను.