విదేశీ స్కాలర్‌షిప్పు మన పేట దాకా ఎందుకు రాదు?

(అంబేద్కర్ జయంతి సందర్భంగా జరిగిన దళిత ఉద్యోగులు, యువకుల సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏప్రిల్ పద్నాలుగుకూ మనం బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేస్తాం. ఆయన అమెరికాలో చదివాడు, ఇంగ్లండులో చదివాడు అని పిల్లలకు గొప్పగా చెబుతాం. ఆ చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పం. ఇవాళ ఆ సంగతే మాట్లాడదామని వచ్చాం.

1913లో బరోడా సంస్థానం ఆయనకు నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళు ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. చదువు అయ్యాక పదేళ్ళు సంస్థానంలో కొలువు చెయ్యాలని కాగితం రాయించుకుంది. స్కాలర్‌షిప్పు గడువు తీరడంతో లండన్ చదువు మధ్యలో ఆపి 1917లో తిరిగొచ్చాడు. బరోడాలో కొలువులో చేరితే జవాన్లు ఫైళ్ళు చేతికివ్వకుండా విసిరేశారు. ఉండటానికి ఊళ్ళో గది దొరకలేదు. కొలంబియాలో చదివొచ్చిన మనిషికి! ఆ తరువాత బొంబాయిలో సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి, జీతంలో కూడబెట్టి, కొల్హాపూరు షాహూ మహారాజు సాయమూ, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పూ కలుపుకొని 1920లో మళ్ళీ లండన్ బయలుదేరాడు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. రెండోసారి వెళ్ళేనాటికి ఆయన ఇంట్లో కూర్చుని చదువుకునే కుర్రవాడు కాదు. సంసారం మోస్తూ ఉద్యోగం చేస్తున్న పంతులు.

1942లో వైస్రాయి కౌన్సిల్లో కూర్చున్నాక ఆయన ఈ బాధ మర్చిపోలేదు. అంటరాని కులాల పిల్లలు సైన్సు, సాంకేతిక చదువులు చదవడానికి ఈ దేశంలో ఇంత, విదేశాల్లో ఇంత అని విడివిడిగా సర్కారు సొమ్ము అడిగాడు. మహారాజుల దయ మీద కాకుండా ఖజానా మీద హక్కుగా అడిగాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1954-55లో కేంద్ర ప్రభుత్వం జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పు మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్ని సామాజిక న్యాయ శాఖ నడుపుతోంది.

మరి ఇన్నేళ్ళలో మన మండలంలో ఎందరు పోయారు? చేతులెత్తండి అంటే ఈ హాల్లో ఒక్క చెయ్యీ లేవదు.

లెక్క చూద్దాం. దేశం మొత్తానికి ఏడాదికి 125 స్కాలర్‌షిప్పులు. అందులో ఎస్సీలకు 115. మిగతావి విముక్త, సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి. 2011 జనాభా లెక్కల ప్రకారం మనం ఇరవై కోట్ల మందిమి. నూట పదిహేను కుర్చీలు! ఆ కుర్చీల దగ్గరికైనా ఎలా పోవాలి? ప్రపంచ ర్యాంకుల్లో మొదటి అయిదు వందల లోపు యూనివర్సిటీలో షరతులు లేని అడ్మిషను ఉత్తరం ముందే తెచ్చుకోవాలి. దానికి ఇంగ్లీషు పరీక్ష రాయాలి. ఆ పరీక్ష ఫీజే పదిహేడు పద్దెనిమిది వేలు. మిరపకాయలు కోసే తల్లి ఎన్ని రోజులు వంగితే ఆ డబ్బు వస్తుందో మీకే తెలుసు. ఇంత చేసి ఎంపికైనా నమ్మకం లేదు. 2025లో 106 మందిని ఎంపిక చేసి, జులై మొదట్లో 40 మందికే ఉత్తరాలిచ్చారు. మిగతా 66 మందికి నిధులుంటే చూస్తామన్నారు. అడ్మిషను ఉత్తరం చేతిలో పట్టుకుని ‘నిధులుంటే’ అన్న మాట విన్న పిల్లల గుండె ఎలా ఉంటుంది?

సరే, ఇవి చదువుకునే పిల్లల కష్టాలు. మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది మాలాంటి ఉద్యోగస్థుల గురించి. పంతుళ్ళు, నర్సులు, ఇంజనీర్లు, బ్యాంకు గుమాస్తాలు.

ఆ స్కాలర్‌షిప్పుకు వయసు 35 దాటకూడదు. ఈ 35 ఎవరి బతుకు చూసి పెట్టారు? ఇరవై రెండుకు డిగ్రీ, ఇరవై మూడుకు విమానం, అది చదువుకున్న ఇళ్ళ లెక్క. మన ఇంట్లో అలా ఉండదు గదా. మన ఇంట్లో ముందు కూలి, తరువాత చదువు. మేము డిగ్రీ చదువుతూనే సెలవుల్లో కూలికి పోయాం. డియస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకున్నాక అప్పు తీర్చాం, చెల్లెలి పెళ్ళి చేశాం, అమ్మానాన్నలకు రెండు గదుల ఇల్లు కట్టాం. ఊపిరి పీల్చుకుని, ఇక మన చదువు చూద్దాం అనుకునేసరికి నలభై. కాగితం తీసి చూస్తే, మీకు వయసు మీరింది అంటుంది.

వయసు లోపలే ఉందనుకోండి, అప్పుడు ఆదాయం అడ్డం. కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షలు మించకూడదు. పదిహేనేళ్ళ సర్వీసున్న టీచరు జీతం ఒక్కటే ఆ గీత దాటుతుంది. ఆ జీతం మీద ఎన్ని కడుపులు ఆధారపడ్డాయో సర్టిఫికెట్టులో రాయరు. గీత తీసెయ్యమని మేము అనం. తీసేస్తే పట్నంలో పెద్ద ఆఫీసర్ల పిల్లలే మొత్తం పట్టుకుపోతారు, కూలివాళ్ళ పిల్లలకు ఆ మాత్రమూ మిగలదు. ఆ మాట మన ఉద్యోగ సంఘాల పెద్దలకు రుచించకపోయినా చెప్పాలి. మేమడిగేది వేరు. పదేళ్ళు పనిచేసి, తిరిగి అదే పనిలోకి వచ్చే మొదటి తరం ఉద్యోగులకు విడిగా వాటా పెట్టండి. వయసు 45 దాకా ఇవ్వండి.

ఎందుకంటారా? ఉద్యోగంలో ఉన్నవాడు తిరిగి వస్తాడు. వాడి కుర్చీ ఇక్కడుంది, వాడి పేట ఇక్కడుంది. ఇంట్లో పుస్తకమే లేని పిల్లలకు చదవడం ఎలా నేర్పాలో ప్రపంచంలో చాలా చోట్ల పరిశోధన చేస్తున్నారు. అది నేర్చుకోవలసింది మొదట ఎవరు? ఆ పిల్లల ముందు రోజూ నిలబడే మనం. పల్లె ఆసుపత్రిలో పదేళ్ళు కాన్పులు చూసిన నర్సమ్మ ప్రజారోగ్యం చదివొస్తే, ఆ చదువు ఎవరికి దక్కుతుందో వేరే చెప్పాలా?

పెద్ద ఉద్యోగులకు ఈ ఏర్పాటు ఉండనే ఉంది. 2001 నుంచి కేంద్ర ప్రభుత్వం ఐ.ఎ.ఎస్. లాంటి సర్వీసుల అధికారులను తన ఖర్చుతో విదేశీ యూనివర్సిటీలకు శిక్షణకు పంపుతోంది. వాళ్ళకు జీతం ఆగదు. వాళ్ళను ఎనిమిది లక్షల గీత దగ్గర నిలబెట్టరు. పంపడం తప్పని మేము అనడం లేదు. కలెక్టరుకు చదువు అవసరమైతే పంతులుకు అక్కర్లేదా అని అడుగుతున్నాం. మా తోటి ఉపాధ్యాయుడు ఒకాయన విదేశీ చదువుకు దరఖాస్తు పెడుతూ నిరభ్యంతర పత్రం కోసం ఒక ఆఫీసు చుట్టూ అయిదు నెలలు తిరిగాడు. అక్కడి గుమాస్తా ఫైలు చూసి నవ్వి, “నీకెందుకయ్యా లండను, ఉన్న ఉద్యోగం చేసుకోక” అన్నాడట. పత్రం వచ్చేసరికి గడువు అయిపోయింది. బరోడాలో ఫైళ్ళు విసిరారు, ఇక్కడ ఫైలు కదల్లేదు.

ఇంకొక సంగతి. 2022లో ఈ స్కాలర్‌షిప్పు నిబంధనల్లో ఒక కొత్త ముక్క చేర్చారు. భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక విషయాల మీద విదేశాల్లో చదువుతామంటే డబ్బు ఇవ్వరట. 1916లో బాబాసాహెబ్ కొలంబియాలో చదివిన వ్యాసం దేని మీద? భారతదేశంలో కులాల మీద. ఇవాళ ఆయన దరఖాస్తు పెడితే ఆ విషయం మార్చుకోమంటారు. మన కులం గురించి మనం బయటి దేశంలో కూర్చుని రాస్తే ఎవరికి ఇబ్బంది?

మన పేటలో సగంమంది ఆదివారం చర్చికి పోతారు. వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులని కాగితం మీద రాసుకున్నవాళ్ళు ఎస్సీ లెక్కలోకి రారు. ఈ 115లో వాళ్ళకు ఒక్కటీ లేదు. అదే బావి, అదే శ్మశానం, కాగితం మాత్రం వేరు. ఇక ఆంధ్ర రాష్ట్ర విదేశీ విద్యా పథకానికి 2022లో అంబేద్కర్ పేరు తీసి ఇంకో పేరు పెట్టారు, 2024లో మళ్ళీ అంబేద్కర్ పేరు పెట్టారు. పేరు కోసం కొట్లాడాం, కొట్లాడవలసిందే. డబ్బు సకాలంలో వస్తోందా అని కూడా అంతే గట్టిగా అడగాలి.

ఈలోగా ఉన్న దారులు వదులుకోకూడదు. ఇంగ్లండు ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చీవెనింగ్ స్కాలర్‌షిప్పు ఉంది. ఒక ఏడాది ఎం.ఎ. చదువు, ఖర్చంతా వాళ్ళదే. డిగ్రీలో మంచి మార్కులు, 2,800 గంటల పని అనుభవం, అంటే సుమారు రెండేళ్ళు, ఉండాలి. పై వయసు పరిమితి లేదు. నలభై అయిదేళ్ళ పంతులు కూడా పెట్టుకోవచ్చు. చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. వాళ్ళేమీ మనమీద ప్రేమతో ఇవ్వడం లేదు, రేపటి పెద్దమనుషులు తమ దేశానికి స్నేహితులుగా ఉండాలని ఇస్తారు. అయితే ఏం, మన పని మనకు కావాలి. జపాను ప్రభుత్వం కూడా అయిదేళ్ళ అనుభవమున్న బడిపంతుళ్ళకు ఏడాదిన్నర శిక్షణ ఇస్తుంది గాని, అక్కడా 35 అడ్డమే.

చీవెనింగ్‌కు వ్యాసాలు రాయాలి. నాయకత్వం మీద ఒకటి, మనుషులతో సంబంధాలు పెంచుకోవడం మీద ఒకటి, ఏం చదువుతావు, తరువాత ఏం చేస్తావు అని ఇంకా రెండు. మనవాళ్ళు మొదటి ప్రశ్న దగ్గరే కలం కింద పెట్టేస్తారు. “మాదేం నాయకత్వం సార్” అంటారు. శ్మశానం దారి ఆక్రమించుకుంటే వంద సంతకాలు పెట్టించి తహసీల్దారు దగ్గరికి నడిపించింది ఎవరమ్మా? హాస్టల్లో పురుగుల అన్నం పెడితే పిల్లలను రోడ్డు మీద కూర్చోబెట్టి వార్డెన్‌తో ఒప్పందం రాయించుకున్నది ఎవరు? అది నాయకత్వం కాక మరేమిటి? ఏ సంవత్సరం, ఎంతమంది, ఎవరు అడ్డం వచ్చారు, చివరికి ఏం సాధించారు, అంతా ఉన్నదున్నట్టు రాయండి. క్లబ్బులో ఉపన్యాసం ఇచ్చినవాడు అదే నాయకత్వమని రాసుకుంటాడు. మనం చేసిన పని రాసుకోవడానికి సిగ్గెందుకు? ముందు తెలుగులో రాయండి. ఇంగ్లీషు చెయ్యడానికి మేమున్నాం.

సెలవు సంగతి కూడా చెప్పాలి. కేంద్ర ఉద్యోగులకు అయిదేళ్ళ సర్వీసు దాటితే మొత్తం 24 నెలల దాకా స్టడీ లీవు ఉంది. మన రాష్ట్ర ఉద్యోగులకు ఫండమెంటల్ రూల్సులో 84వ రూలు ఉంది. అడిగినవాళ్ళే తక్కువ. నిరభ్యంతర పత్రం అడిగిన రోజే అర్జీకి రసీదు తీసుకోండి, నెల దాటితే ఒంటరిగా తిరగకుండా సంఘానికి చెప్పండి. పదిమందిమి కలిసి పోతాం.

చీవెనింగ్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో తెరిచి అక్టోబరులో మూస్తారు. అందుకని ఈ నెల ఆఖరి ఆదివారం పొద్దున పది గంటలకు ఇదే హాల్లో కూర్చుందాం. ముప్పై అయిదు లోపువాళ్ళు కులం, ఆదాయం సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు తెచ్చుకోండి. దాటినవాళ్ళు తెల్లకాగితాలు, కలం తెచ్చుకోండి. పాస్‌పోర్టు లేనివాళ్ళు ఇప్పుడే ఈ బల్ల దగ్గర పేర్లు రాయించి వెళ్ళండి.

జై భీమ్.