తెగులు లెక్కలో మన ఒళ్లు ఎక్కడ?

(పాలమూరు, నల్లగొండ జిల్లాల దళిత విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

లెక్కల గురించి మాట్లాడతామంటే కొందరు మిత్రులు నవ్విన్రు. "దళితుల మీటింగుల లెక్కలేంది? భూమి గురించి చెప్పున్రి, కూలి గురించి చెప్పున్రి" అన్నరు. మేం చెప్పబోయేది కూడా భూమి గురించే, కూలి గురించే. కాకపోతే ఆ భూమినీ ఆ కూలినీ ఎవరు ఏ కాగితం మీద ఎట్ల లెక్క కడుతున్నరో చెప్తం.

మేం చదివింది పైర్ల పురుగుల, తెగుళ్ల లెక్కలు. వాన, ఎండ, గాలిలో తేమ చూసి పురుగు ఎప్పుడు లేస్తదో, తెగులు ఎంత వేగంగా పాకుతదో సమీకరణం కట్టి ముందుగా చెప్పే చదువు ఇది. మాలో ఒకరు దీంట్లోకి రోజుకూలీగా వచ్చిన్రు. ఒక పరిశోధన క్షేత్రంలో లింగాకర్షక బుట్టల్లో పడ్డ రెక్కల పురుగులను లెక్కపెట్టడం పని. పొద్దున్నే బుట్ట విప్పాలె, లెక్కపెట్టాలె, కాగితం మీద అంకె వేసి ఇవ్వాలె. ఆ అంకెలు ఆఫీసులో గీతలయ్యేవి, గీతలు వ్యాసాలయ్యేవి. లెక్కపెట్టిన మనిషి పేరు ఎక్కడా ఉండేది కాదు. ఆ గీతల్లో ఏముందో తెలుసుకోవాలన్న పట్టుదలే మమ్మల్ని ఈ చదువులోకి తెచ్చింది.

ఇట్లాంటి లెక్కల చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం మన పక్కనే, సికింద్రాబాదులో జరిగింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిండు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చిన్రు. తర్వాత రాస్ మలేరియా ఎట్ల పాకుతదో లెక్క కట్టిండు. దోమలన్నిటినీ చంపనక్కరలేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే రోగం దానంతటదే ఆరిపోతది అని 1911 నాటి పుస్తకంలో సమీకరణాలతో చూపించిండు. రోగాల లెక్కలకు అది పెద్ద పునాది. ఆ పునాదిలో ఒక పేదవాని ఒళ్లు ఉన్నది, దాని వెల అణాల్లో ఉన్నది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లా దీని దగ్గరికే వస్తం.

మొక్కల తెగుళ్లకు అట్లాంటి లెక్కను గట్టిగా నిలబెట్టినాయన వాన్ డర్ ప్లాంక్. దక్షిణాఫ్రికా మనిషి. ఆయన పుస్తకం 1963లో వచ్చింది. నల్లవాళ్లకు దేశం నేలలో 7 శాతం మాత్రమే వదిలిన 1913 భూమి చట్టం నడిచిన దేశం అది. ఆయన తెగుళ్లను రెండు రకాలు చేసిండు. ఒకటి బారువడ్డీ తెగులు, రెండోది చక్రవడ్డీ తెగులు. ఇవి మేం పెట్టిన పేర్లు కావు, ఆయన పెట్టినవే. షావుకారు గడప తొక్కిన మన తాతలకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు.

బారువడ్డీకి మన కంది చేను చూడండి. ఎండు తెగులు బూజు నేలలో, పాత కంది మోళ్లలో ఉంటది. ఆ యేడు వేసిన మొక్కకు నేల నుంచే అంటుకుంటది. నేలలో ఎంత అసలు ఉంటే అంత వడ్డీ. అసలు తగ్గించుకుంటే చేను బతుకుతది. మనవాళ్లు పాలమూరు చెల్కల్లో జొన్న, కంది కలిపి వేసేది. జొన్నతో కలిపి వేసిన కందిలో ఎండు తెగులు తగ్గుతదని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రయోగాల్లో తేలింది. మన అవ్వలు కొంగున ముడేసుకున్న విత్తనాల్లో ఈ లెక్క ముందునుంచే ఉన్నది.

చక్రవడ్డీకి ఆముదం గెలలకు పట్టే బూజు తెగులు చూడండి. ముసురు పట్టి గాలిలో తేమ నిలిస్తే గెల నుంచి గెలకు పాకుతది. 1987లో ఈ తెగులు మన రాష్ట్రంలో ఆముదం మీద విరుచుకుపడ్డది. మూడు రోజులకొకసారి రెట్టింపు అయితదనుకుందాం. ఒక్క గెలతో మొదలైతే ముప్పై రోజులకు 1024 గెలలు. మొదట్లో రెండు గెలలకు ఉంటే ఒకటి తెంపి పారేసినమనుకుందాం. దొరికేది మూడు రోజుల గడువే. చక్రవడ్డీలో సగం అసలు కట్టినా అప్పు తీరదు. వడ్డీ రేటునే విరగ్గొట్టాలె. గాలి ఆడేటట్టు ఎడం పెట్టాలె, గెలలో కాయలు వదులుగా ఉండే రకం వెయ్యాలె. అన్నిటికంటే ముందు, ముసురు రాకముందే కబురు అందాలె. ఈ లెక్కల చదువు ఉన్నదే ఆ కబురు కోసం. హైదరాబాదులో 1985 నుంచి మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది. రాజేంద్రనగర్‌లో నూనెగింజల సంస్థ ఉన్నది. పాలమూరులోనే పాలెం పరిశోధన స్థానం ఉన్నది. చదువు లేక కాదు, ఆ కబురు ఎవరికి అందుతున్నదన్నదే మా ప్రశ్న.

పూర్వం ఊర్లో ఏ కబురున్నా డప్పు కొట్టి చాటింది మాదిగ వాడ. చాటింది మనం, విని లాభపడ్డది ఊరు. ఇయ్యాల కబురు సెల్‌ఫోన్ల వస్తది, పేరు రాయించుకున్న రైతుకు వస్తది. కౌలుకు చేసేటోనికి, మందు కొట్టే కూలికి ఎవరు చెప్తరు? ఎర్ర గొంగళి పురుగునే తీసుకోండి. తొలకరి వాన పడంగనే నేలలో నిద్రపోతున్న కోశాల నుంచి రెక్కల పురుగులు రాత్రిపూట లేస్తయి. ఆ రాత్రుల్లోనే మంటలు వేస్తే వచ్చి పడి చస్తయి. ఆలస్యమైతే పిల్లపురుగులు పెద్దవై ఒక చెల్క తిని ఇంకో చెల్కకు దండుగా నడుస్తయి. ఒక్క పటేలు చేన్ల మంట వేస్తే ఆగదు. వాడవాళ్ల రెండెకరాల అసైన్డ్ చెల్కల్లో కూడా అదే రాత్రి మంట లేవాలె. ఊరునూ వాడనూ వేరు చేసి ఈ పురుగును ఆపే సమీకరణం లేదు.

ఇగ అసలు సంగతికి వద్దాం. చేన్ల పురుగు కనపడంగనే మందు కొట్టొద్దు, ఒక హద్దు దాటినంకనే కొట్టాలని శాస్త్రం చెప్తది. 1959లో కాలిఫోర్నియాలో స్టెర్న్, ఆయన తోటివాళ్లు ఈ నష్ట పరిమితి ఆలోచనను నిలబెట్టిన్రు. మంచి ఆలోచన, కంపెనీల మాట విని వారం వారం కొట్టేదానికంటే వెయ్యి రెట్లు నయం. లెక్క సులువు. ఎకరానికి మందు ఖర్చు, కొట్టే కూలి కలిపి 800 రూపాయలనుకోండి. చెట్టుకు ఒక్క పురుగు ఉంటే ఎకరాన 200 రూపాయల పంట పోతదనుకోండి. 800ను 200తో భాగిస్తే నాలుగు. చెట్టుకు నాలుగు పురుగుల దాకా ఆగు, దాటితే కొట్టు.

ఆ 800లో మందు డబ్బా ఉన్నది, రోజుకూలి ఉన్నది. కొట్టినోడు ఆ రాత్రి వాంతులు చేసుకొని మూడు రోజులు పనికి పోకపోతే పోయిన కూలి ఉన్నదా? ఆస్పత్రి ఖర్చు ఉన్నదా? లేదు. అది 400 అని వేసుకోండి. ఇప్పుడు 1200ను 200తో భాగిస్తే ఆరు. ఆరు పురుగుల దాకా ఆగాలె. నాలుగుకూ ఆరుకూ నడుమ కొట్టిన ప్రతి పంపూ మన ఒంటి ఖర్చుతో కొట్టిందే. ఆసామి పద్దులో పడని ఖర్చు మన నరాల్లో పడుతున్నది.

ఇది ఊహ కాదు. పత్తి చేసే మూడు ఊళ్లలో 50 మంది ఆడవాళ్లు ఒక పంటకాలమంతా తమకూ తమ ఇంటి మగవాళ్లకూ మందువల్ల ఏమేమి అయిందో రాసి పెట్టిన్రు. ఆ అధ్యయనం 2005లో అచ్చయింది. వాళ్లు నమోదు చేసిన 323 సార్లలో 83.6 శాతం సార్లు విషం లక్షణాలు కనపడ్డయి. మందు కలిపి పంపులు నింపే ఆడవాళ్ల పని, కొట్టే పనంత ప్రమాదమేనని తేలింది. భూస్వాముల కంటే సన్నకారు రైతులకే గట్టి విషం ఎక్కువసార్లు ఎక్కింది. ఒళ్లు బాగా చెడ్డప్పుడు కూడా ఒక్కరూ డాక్టరు దగ్గరికి పోలేదు. పోతే కూలి పోతది కదా! ఆముదం, జొన్న పోయి పత్తి కమ్ముకున్న మన రెండు జిల్లాల్లో ఈ మాటలు ఏ వాడలో అడిగినా వినపడతయి.

లెక్కను మార్చలేమా? మార్చవచ్చు. మందు వల్ల నీళ్లకు, పిట్టలకు, మనుషులకు అయ్యే చెడుపును కూడా ఖర్చులో కలపాలని 1992లోనే అమెరికాలో హిగ్లీ, వింటర్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దారి చూపిన్రు. అంతకు ముందే 1918లో మన బాబాసాహెబ్ చిన్న కమతాల మీద వ్యాసం రాసిండు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదు, దాని మీద పెట్టే పెట్టుబడీ శ్రమా చూడాలె అన్నడు. లెక్క తప్పని ఆయన అనలేదు, లెక్కలోకి ఏవి రాలేదో చూడమన్నడు. మనకూ అదే దారి.

అందుకే మా మాట ఇది. మందు కొట్టించే ప్రతి సిఫారసులో కొట్టే మనిషి ఆరోగ్యం ఖర్చును కలపాలె. పురుగు కబురు పట్టా లేని కౌలుదారుకూ, కూలికీ, వాడకూ అదే రోజు అందాలె. బుట్టలు లెక్కపెట్టినోళ్ల పేర్లు వ్యాసాల్లో రావాలె.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పదో తరగతిలో లెక్కలంటే భయపడి వదలకండి. చక్రవడ్డీ లెక్క మన ఇండ్లల్ల నెత్తురుతో నేర్చుకున్నదే. దాన్ని లాగరిథంలో రాయడం రెండేండ్ల పని. సమీకరణంలో ఖర్చు అన్న అక్షరం కనపడ్డప్పుడు లేచి నిలబడి అడగండి: "సారూ, దీంట్ల మా అమ్మ ఒళ్లు కలిసిందా?"

జై భీమ్!