ఊరి ఆరోగ్యం చివరి కొళాయి కాడ చూడాల

(ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల కూలీలు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రంలో ఏ ఊరు ఆరోగ్యంగా ఉంది, ఏ పట్నం చురుగ్గా ఉంది అని పత్రికల్లో పట్టికలు వస్తుంటాయి. పార్కులెన్ని, ఆస్పత్రులెన్ని, పొద్దున్నే నడిచేవాళ్ళు ఎంతమంది అని చూసి మార్కులు వేస్తారు. వేసుకోనీండి. కానీ ఆ లెక్క రాసే మనిషి ఊళ్ళోకి ఏ దారిన వస్తాడు? బస్సు దిగి నడి ఊళ్ళోకి వస్తాడు. మాల గేరి, మాదిగ గేరి దారిన రాడు. ఈ దినం అదే లెక్కను మనం గేరి కాడ నుంచి మొదలుపెడదాం.

ముందు 'చురుకు' సంగతి. వయసొచ్చిన మనిషి వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే రెండున్నర గంటలు. మన ఆడమనిషి ఒక్క దినంలోనే అంతకు రెండింతలు కదులుతుంది. తెల్లారకముందే నీళ్ళకు, తర్వాత కలుపుకు, పొద్దు వాలినాక కట్టెలకు. కూర్చుని తినేవాళ్ళకు చెప్పాల్సిన మాట ఆమెకు చెప్పి లాభమేముంది? ఇంత కదిలినా ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మనకు కరువైంది కదలిక కాదు. కడుపు నిండా తిండి, మంచి నీళ్ళు, నడుం వాల్చడానికి ఇంత నీడ. ఇవి దొరికే జాగాయే ఆరోగ్యమైన జాగా.

కష్టానికి తగ్గ తిండి పెట్టకుండా పని చేయించుకోవడం ఈ సీమకు పాత సంగతే. 1876-78 ధాత కరువులో మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఇటు కలిసింది. ఆ కరువు బళ్ళారి, కర్నూలు జిల్లాలను ఊడ్చేసింది. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి దినానికి ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా చాలని 1877లో రిచర్డ్ టెంపుల్ అనే తెల్లదొర లెక్క కట్టాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఈ తిండితో పని చేసే మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. కూలోడికి ఎంత తిండి చాలునో కడుపు నిండినోడు లెక్క కట్టడం ఆనాటితో ఆగిపోయిందా? కూలి రేటు ఖాయం చేసే రచ్చకట్ట మీద ఈనాటికీ ఎవరు కూర్చుంటున్నారో మీకు తెలుసు.

ఇప్పుడు మన గేరి ఎక్కడుందో చూడండి. ఎక్కువ ఊళ్ళలో పల్లానికి ఉంటుంది. ఊరి మురుగు కాలవ వచ్చి ఆగేది అక్కడే. ఊరి పెంటదిబ్బలు అక్కడే. చచ్చిన గొడ్డును ఈడ్చి పడేసేది అక్కడే. ఈ జాగా మనం కోరి తెచ్చుకున్నది కాదు. ఊరు తన మురికిని ఎక్కడ పెట్టిందో అక్కడే మనల్నీ పెట్టింది. పెట్టినాక 'వాళ్ళకు శుభ్రత తెలియదు' అని తానే అంది.

నీళ్ళ సంగతీ అంతే. మహద్ పురపాలక సంఘం చౌదార్ చెరువు అందరిదీ అని 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు మనదే, గట్టు మీద మాత్రం కాలు పెట్టనీయలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో పోయి ఆ నీళ్ళు దోసిట పట్టి తాగేదాకా ఆ తీర్మానం తీర్మానంగానే ఉండింది. తాగినాక సవర్ణులు పేడ, గోమూత్రం పోసి చెరువును 'శుద్ధి' చేశారు. పేడ పోస్తే శుద్ధి అయ్యే నీళ్ళు మన చెయ్యి తగిలితే మైలపడతాయంట! ఇది ఆరోగ్య శాస్త్రమా, కుల శాస్త్రమా?

ఇక మన నీళ్ళ దగ్గరికి వద్దాం. పడమటి కర్నూలుకు తుంగభద్ర దిగువ కాలువే పెద్ద దిక్కు. హొస్పేట కాడ డ్యాం నుంచి బయలుదేరి చాలా దూరం కర్ణాటకలో పారి, ఆ తర్వాత మన పొలిమేరకు వస్తుంది. ఆదోని పట్నం తాగేది ఆ కాలువ నుంచి బసాపురం చెరువులో నింపిన నీళ్ళు. పైన నీళ్ళు ఆగిపోతే మన నాయకులందరూ 'చివరి ఆయకట్టుకు అన్యాయం' అని కేకలు వేస్తారు. నిజమే, అన్యాయమే. మనమూ గొంతు కలుపుదాం. కానీ అదే నాయకుల ఊళ్ళో కొళాయి పైపుకు చివరన ఉండేది మన గేరి. ఆ చివరి గురించి వాళ్ళకు కేక రాదు.

పైపు చివర ఉంటే ఏమవుతుందో వివరంగా చెప్పుకోవాలి. నీళ్ళు వదలని గంటల్లో పైపు ఖాళీగా ఉంటుంది. ఆ పైపు మురుగు కాలవలో పడి పోతుంటే, అతుకు కాడ పగులు ఉంటే, మురుగు లోపలికి చేరుతుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు ఆ మురుగును తోసుకుంటూ వచ్చి చివరి ఇంటి బిందెలో పోస్తుంది. ట్యాంకు కాడ నీళ్ళు మంచివే. మధ్య వీధిలోనూ మంచివే. చివరన విషం. 2021 ఏప్రిల్‌లో ఆదోని పట్నంలో, పాణ్యం మండలం గోరుకల్లులో వాంతులు విరేచనాలతో జనం ఆస్పత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. అలాంటప్పుడు ఊళ్ళో వినపడే మొదటి మాట ఏమిటి? 'అమ్మవారికి కోపం వచ్చింది' అని. కోపం అమ్మవారిది కాదు, పగులు పైపుది.

నీళ్ళలో మందు కలిపామని చెప్తే నమ్మి ఊరుకోవద్దు. కొళాయి నీళ్ళలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని నియమం. చిన్న సీసాలో నీళ్ళు పట్టి చుక్కల మందు వేస్తే రంగు మారి తెలుస్తుంది. ఆ పరీక్ష ట్యాంకు కాడ చేసి పుస్తకంలో రాసుకుని పోతే కుదరదు. గేరి చివరి కొళాయి కాడ, మన ఎదురుగా చేయాలి. మనిషికి దినానికి 55 లీటర్లు ఇవ్వాలని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్క. ఇంట్లో ఐదుగురుంటే 275 లీటర్లు. మీ ఇంటికి ఎన్ని బిందెలు వస్తున్నాయో లెక్కపెట్టండి.

బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు మాన్పించవద్దు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తల కొట్టి సమంగా కొలిచి కలిపి, కొద్దికొద్దిగా తాపుతూ ఆస్పత్రికి తీసుకుపోండి. ఇది ప్రతి గేరిలో ప్రతి తల్లికీ నోటికి రావాలి.

చట్టం కూడా తెలుసుకుందాం. కొళాయి, బావి, చెరువు, దారి, శ్మశానం - వీటి కాడ మనల్ని అడ్డుకుంటే అది అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మన గుమ్మం ముందు పెంట, మురుగు, కళేబరాలు వేయడమూ నేరమే. 1989 చట్టాన్ని 2015లో సవరించి ఈ మాటలు వివరంగా రాశారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. తిడితేనే కేసు అనుకోకండి. కళేబరం తెచ్చి గేరి ముందు వేసినా కేసే.

ఇప్పుడు సుగ్గి మాట. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆలూరు దిక్కు నుంచి బండ్లకు బండ్లు సుగ్గికి పోతాయి. పత్తి తీయడానికి తెలంగాణకు, మిరప కోతకు గుంటూరు, పల్నాడుకు, కట్టుబడి పనికి బెంగుళూరుకు. అక్కడ మన ఇల్లు ఏది? చేను గట్టున కట్టిన పట్ట. బడికి పోవాల్సిన పిల్ల ఆ పట్ట కింద చంటిదాన్ని ఆడిస్తుంది. సుగ్గికి పోయేవాళ్ళ పిల్లల కోసమని హాస్టళ్ళు పెట్టారు. బండి కదిలిపోయినాక తలుపు తీస్తే అవి ఎవరికి?

పోకుండా ఊళ్ళో ఉండినవాళ్ళకు ఆదోని జిన్నింగు మిల్లులున్నాయి. పత్తి దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఛాతీ బిగుస్తుంది. సెలవు అయి పనిలోకి దిగిన మొదటి దినం ఆయాసం ఎక్కువగా ఉంటే అది జలుబు కాదు, దుమ్ము రోగానికి గుర్తు. డాక్టరుకు 'దగ్గు' అని మాత్రమే చెప్పొద్దు, 'జిన్నులో పని' అని కూడా చెప్పండి.

మంచి జాగా కట్టుకోవడం మనబోటి కూలీనాలీకి అయ్యే పనేనా అని అడుగుతారు. ఎమ్మిగనూరును చూడండి. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళను కూడగట్టి సహకార సంఘం పెట్టాడు. మగ్గం పనివాళ్ళ ఇళ్ళతో ఏర్పడిన వీవర్స్ కాలనీ ఈనాటికీ ఆ పేరుతోనే ఉంది. పనిచేసేవాళ్ళు సంఘంగా నిలబడితే కూలి ఒక్కటే కాదు, ఇల్లు, వీధి కూడా మారతాయి. ఆ పాఠం మనదీ కావాలి. ముతక గుడ్డ నేసి ఊరికి కట్టబెట్టిన చేతుల్లో మాల చేతులు లేవా? ఊరంతటికీ చెప్పులు కుట్టి, నీళ్ళు తోడే తోలు బొక్కెన కుట్టి ఇచ్చింది మాదిగ చేతులు కావా?

ఆస్పత్రీ కావాలి. ఆదోని ప్రభుత్వ మెడికల్ కాలేజీకి 2021లో శంకుస్థాపన చేశారు. నంద్యాలలో 2023లో కాలేజీ మొదలైంది. ఆదోనిని మాత్రం 2025లో ప్రైవేటు భాగస్వామ్యం జాబితాలో చేర్చారు. ఇక్కడ చెయ్యలేమని చీటీ రాసిస్తే నొప్పులు పడే తల్లి నూరు కిలోమీటర్ల కర్నూలుకు పోవాలి. సర్కారు ఆస్పత్రి సర్కారు చేతిలోనే ఉండాలని అడగడం మన హక్కు.

మన జిల్లా పెద్దపాడు గేరి నుంచి పోయి దామోదరం సంజీవయ్య 1960లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. గోనెగండ్ల కాడ గాజులదిన్నె ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు. సంతోషం. జలాశయానికి సంజీవయ్య పేరు ఉంటే చాలదు, సంజీవయ్య పుట్టినలాంటి ప్రతి గేరికీ నీళ్ళు రావాలి.

డబ్బు లేదని చెప్తే ఒప్పుకోకండి. మన జనాభా వాటా మేరకు నిధులు మనకే ఖర్చు పెట్టాలని 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. 2023లో దాన్ని ఇంకో పదేళ్ళు పొడిగించారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లాలో నూటికి 18 మంది మనవాళ్ళే. మన పేరు మీద వచ్చిన రూపాయితో ఏ వీధిలో సిమెంటు రోడ్డు పడిందో అడిగి, కాగితం మీద రాయించుకోండి.

చేయాల్సిన పని చిన్నదే. ప్రతి గేరిలో ఒక చదువుకున్న పిల్ల, ఒక పిల్లవాడు నోటు పుస్తకం పట్టుకుని తిరగాలి. చివరి ఇంటికి ఎన్ని బిందెల నీళ్ళు? పైపు ఎక్కడ మురుగులో మునిగింది? ఎన్ని ఇళ్ళకు నీళ్ళున్న మరుగుదొడ్డి ఉంది, ఎంతమంది ఆడవాళ్ళు చీకటి పడేదాకా ఓర్చుకుంటున్నారు? శవాన్ని మోసుకుపోయే దారి ఉందా? పిల్లలు ఆడుకునే జాగా ఎంత? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాస్తే అదే మీ ఊరి ఆరోగ్యం పట్టిక.

ఒక మాట కచ్చితంగా చెప్పుకోవాలి. గేరిలోనూ ఒక చివర ఉంది. మాల గేరి దాకా వచ్చిన పైపు మాదిగ గేరికి రాకుంటే, మాదిగ గేరికి వచ్చింది డక్కలి గుడిసెకు రాకుంటే మన లెక్క కూడా తప్పే. అదే పైపు మీద బోయ వీధి, దూదేకుల సందు ఉంటే వాళ్ళనూ పిలవండి. రోగానికి లేని అడ్డుగోడ మనకెందుకు?

ఇదంతా దసరా లోపల జరగాలి. దీపావళి దాటితే సుగ్గి బండ్లు కదులుతాయి. గేరి ఖాళీ అయినాక పెట్టే గ్రామసభలో మన పేరు ఉంటుంది, మన గొంతు ఉండదు. గొంతు ఊళ్ళో ఉండగానే సభ పెట్టమని అడుగుదాం. పుస్తకం తెరిచి చదువుదాం. సర్పంచుని, కార్యదర్శిని, ఇంజనీరుని లేపి, గేరి దాకా నడిపించుకుని పోయి, చివరి కొళాయి కింద బిందె పెడదాం. ఎంతసేపటికి నిండుతుందో అందరమూ నిలబడి చూద్దాం.

జై భీమ్!