గురిపందెములకు చిన్న పిస్తోలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో తుపాకి యనగానే పెద్దలకు సంస్థానములనాటి వేట జ్ఞప్తికి రావచ్చును. పిల్లలకు జ్ఞప్తికి వచ్చునది వేరు. హైదరాబాదు ఆడపడుచు ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పందెమున జట్టుతో స్వర్ణమును, తానొక్కతెగా రజతమును గెలిచెను. అట్టి వార్త విన్న యింట, “మా అమ్మాయికి ఏ పిస్తోలు మంచిది?” అను ప్రశ్న పుట్టుట సహజము.

ఆ పందెమున వాడునది పాయింటు 22 బోరు రిమ్‌ఫైరు పిస్తోలు. దీని తూటా అడుగున, అంచు చుట్టును, నిప్పు పుట్టించు మందు ఉండును. పిస్తోలులోని సూది ఆ అంచును కొట్టగా లోపలి మందు రగులును. గుండు బరువు సుమారు రెండున్నర గ్రాములే. చేతిని వెనుకకు తన్నుట స్వల్పము. కనుక క్రొత్తవారు బెదరరు.

ఈ పిస్తోళ్లలో ముఖ్యముగా రెండు తరగతులు కలవు. మొదటి తరగతిలో తూటాల మాగజైను పిడిలోనే యుండును. రష్యాదేశపు మార్గోలిన్, అమెరికా దేశపు రూగర్ ఇట్టివి. ఇవి దృఢమైనవి, మొరటు వాడకమునకు ఓర్చును. అయితే మాగజైనుకు చోటు కావలెను గనుక పిడిని చిన్నచేతికి తగినట్లు సన్నము చేయ వీలు తక్కువ. రెండవ తరగతిలో మాగజైను ట్రిగ్గరునకు ముందుండును. జర్మనీ వారి వాల్తెర్ జి.ఎస్.పి., ఇటలీ వారి పార్దీని ఇట్టివి. బరువు ముందునకు జరుగుటచే గొట్టము నిలకడగా నుండును. కొయ్యపిడిని అరచేతికి సరిపడ చెక్కుకొనవచ్చును. కాని వీని వెల ఎక్కువ, విడిభాగములు విదేశములనుండి రావలెను. ఏ తరగతిదైనను నిబంధన ఒక్కటే: ట్రిగ్గరు కనీసము 1000 గ్రాముల బరువు నాపవలెను; పిస్తోలు 1400 గ్రాములకు మించరాదు.

మరి దేనిని ఎన్నుకొనవలెను? ముందు గురికిని వెనుక గురికిని నడిమి దూరము 22 సెంటీమీటర్లకు మించరాదని నియమము. ట్రిగ్గరు నొక్కునపుడు ముందు గురి ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, 25 మీటర్ల దూరమున గుండు పదకొండు సెంటీమీటర్లు తప్పును. నిదానపు పందెమున పది మార్కుల వలయపు వ్యాసమో, 5 సెంటీమీటర్లు మాత్రమే! పిడి చేతికి కుదరనిచో ఎంత వెలగల పిస్తోలును ఆ మిల్లీమీటరును ఆపజాలదు. మార్గోలిన్ పిస్తోలును రూపొందించిన మిఖాయిల్ మార్గోలిన్ అంధుడు. చేతి స్పర్శతోనే ఆయన దాని ఆకృతిని తీర్చెను. గద్వాల నేతగానికి నాడె ఎట్లో, గురికానికి పిడి అట్లు.

కావున మా సలహా ఇది. మొదట పది మీటర్ల గాలి పిస్తోలుతో ఆరంభింపుడు. దాని ట్రిగ్గరుకు 500 గ్రాములు చాలును. తూటా ఖర్చు లేదు. ఈషా సింగ్ సైతము 2018లో, పదమూడేండ్ల ప్రాయమున, గాలి పిస్తోలుతోనే జాతీయ విజేత యైనది. రిమ్‌ఫైరు పిస్తోలుకు 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి లైసెన్సు తప్పదు. ఇరువదియొక్క యేండ్లు నిండనివారు సొంతముగా పొందరాదు. శిక్షణలో మాత్రము నిబంధనలకు లోబడి వాడవచ్చును.

ఈ మూడు పట్టణములనుండియు హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఆ ప్రయాణము చేసియైనను, కొనుటకు పూర్వమే అచ్చటి రేంజిలో శిక్షకుని యెదుట రెండు తరగతులను పట్టి చూడుడు. తూటా లేని పిస్తోలును గురిపలకవైపు ఎత్తి, కన్నులు మూసి, మరల తెరవుడు. రెండు గురులును తమంతట ఒక వరుసలో నిలిచినచో ఆ పిడి మీ చేతిది. అయితే రిమ్‌ఫైరు పిస్తోలును ఖాళీగా పదేపదే పేల్చరాదు. సూది గొట్టపు అంచును తాకి చెడగొట్టును.

చివరిమాట తలిదండ్రులకు. గొట్టము ఎల్లప్పుడును గురిపలకవైపే యుండవలెను. గురి కుదురువరకు వ్రేలు ట్రిగ్గరును తాకరాదు. ఈ రెండు అలవాట్లు పడిన పిల్లకే పిస్తోలు కొనుడు; పడనిచో ఇంకొక యేడు ఆగుడు.