ఊరి బయలు - గుడారపు సినిమా

(కొత్తపట్నమున జరిగిన గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో ప్రచార శాఖాధికారి ఒకరు గావించిన ప్రసంగ పాఠము)



నేడు నేను వినోదమును గూర్చి మాటలాడదలచితిని. మంచినీరు, మురుగు కాలువలు, వీధిదీపములు మున్నగు పనులతో తీరిక లేని తమకు ఇది తేలిక విషయముగ తోచవచ్చును. కాని వినోదము జరుగుటకు ఒక స్థలము కావలెను. ఆ స్థలము ఊరిది. దానిని కాపాడు బాధ్యత తమది. కావున ఇది తమ పనియే అని నా మనవి.

సినిమా రాక పూర్వమే మన ఊళ్లకు బయలు ఉండెడిది. తోలుబొమ్మలాట, వీధి భాగవతము, బుర్రకథ అన్నియు అక్కడనే జరిగెడివి. గుంటూరు జిల్లా పొన్నెకల్లు వాస్తవ్యులు షేక్ నాజరు గారు బుర్రకథను ఊరూర వినిపించి, 1986లో పద్మశ్రీ బిరుదము నందిరి. కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో పుట్టిన సురభి నాటక సమాజము వారు గుడారములతో, తెరలతో, పిల్లాపాపలతో తరలివచ్చి నెలల తరబడి నాటకము లాడెడివారు. సినిమా వారు మన పల్లెలకు వచ్చునాటికి గుడారమును, జనమును, బయలును సిద్ధముగనే ఉండెను.

1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి కదలెడు బొమ్మలను చూపిరి. ఆరు నెలలు తిరిగిన పిదప, 1896 జూలై 7న బొంబాయి ప్రజలు వానిని చూచిరి. 1902లో కలకత్తా మైదానమున జె. ఎఫ్. మదన్ గారు గుడారము వేసి ప్రదర్శనలు ప్రారంభించిరి. దక్షిణాదిన తిరుచిరాపల్లిలో రైల్వే గుమాస్తాగా నుండిన సామికన్ను విన్సెంటు గారు 1905లో ఒక ఫ్రెంచి దేశీయుని యొద్ద యంత్రమును కొని, ఉద్యోగము వదలి, గుడారముతో దేశాటనము చేసిరి.

మన తెలుగువారిలో ఈ పనికి పూనుకొన్నవారు బందరున 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు. వారు మదరాసులో ఛాయాచిత్రకారులు. 1910 ప్రాంతమున 30,000 రూపాయలు వెచ్చించి, బొమ్మతో పాటు ధ్వని వినిపించు క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించిరి. ఆ కాలమున అది ఎంత సొమ్మో తామే ఊహింపవచ్చును. దానితో ఆంధ్ర ప్రాంతములందే గాక సింహళమునకు, రంగూనుకు సైతము పోయి ప్రదర్శనలిచ్చిరి. 1921లో విజయవాడయందు మారుతీ టాకీసు వెలసినది. అట్టి పక్కా హాళ్లు పట్టణములకే పరిమితములు. పల్లెలకు గుడారమే గతి.

మూకీల కాలమున రీలు మార్చునపుడు ఆట ఆగెడిది. ఆ విరామమున జనము లేచిపోకుండ నాట్యము, కుస్తీ, ఇంద్రజాలము మున్నగునవి చూపెడివారు. తెర ప్రక్కన ఒకరు నిలచి కథ చెప్పెడివారు. కావున నాటి సినిమా సగము బొమ్మ, సగము మన పాత వీధి వినోదమే.

టాకీల కాలమున గుడారములు మరింత పెరిగినవి. మిరపకోత, పత్తితీత ముగిసి చేతిలో నాలుగు డబ్బులాడు వేళ అవి దిగెడివి. పగలు ఎడ్లబండిపై డప్పు వాయించుచు కరపత్రములు పంచెడివారు. ప్రొద్దుగ్రుంకగనే ఆయిలు ఇంజను శబ్దము, దాని వెంట మైకులో భక్తిగీతము వినబడెడివి. ఆ పాట వినగానే ఇల్లాండ్రు త్వరత్వరగా వంట ముగించెడివారు. యంత్రము ఒక్కటే గనుక, సుమారు పదకొండు నిమిషములకొక రీలు ముగియగానే చీకటిలో ఈలలు మ్రోగెడివి. సముద్రతీర గ్రామములలో గాలికి తెర ఉబ్బి, కథానాయకుని ముఖము సాగి కనబడెడిదని పెద్దలు నవ్వుచు చెప్పుదురు.

నేల, బెంచి, కుర్చీ అని టికెట్లు మూడు తరగతులు. మా నాయనమ్మ నేల టికెట్టు మనిషి. గోనెపట్ట చంకన పెట్టుకొని పోయెడిది. ఆమెతో పాటు మిరపకాయలు కోయు ఒక మాలపల్లె స్త్రీ ఉండెడిది. పగలంతయు ఇరువురును ఒకే చేలో, ఒకే సాలున పనిచేసెడివారు. ఊరిలో నాటకము జరిగిన రాత్రి మాత్రము ఆ స్త్రీ దూరముగ నిలువవలసి వచ్చెడిది. గుడారము వచ్చిన పిదప ఇరువురును ఒకే గోనెపట్టపై కూర్చుండిరి. ఈ సంగతి మా నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పినదో లెక్కలేదు. చూచిన బొమ్మ పేరు మాత్రము ఆమెకు జ్ఞాపకము లేదు. అన్ని ఊళ్లలోను అట్లే జరిగెనని నేను చెప్పజాలను. మా ఊరిలో మాత్రము జరిగినది.

రాజ్యాంగము 15వ అధికరణము బహిరంగ వినోద స్థలములలో ప్రవేశమునకు కుల మత లింగ భేదములు అడ్డురాకూడదని శాసించినది. ఆ వాక్యమును చదివినపుడెల్ల నాకు ఆ గోనెపట్ట తలపునకు వచ్చును.

కాలక్రమమున గుడారములు పోయినవి. టెలివిజను వచ్చినది, ఇప్పుడు అరచేతిలోనికే బొమ్మ వచ్చినది. అందులకు విచారింప పనిలేదు. విచారింపవలసినది వేరొకటి కలదు. మా ఊరిలో గుడారము పోయిన మరుసటి ఏడు ఆ బయలులో ఒకరు గడ్డివామి వేసిరి. మరియొకరు పాక వేసిరి. పిదప పాక ఇల్లైనది. పాతిక సంవత్సరములలో బయలు లేదు.

ఉద్యోగమున చేరిన పిదప నేను ప్రచార వాహనముతో మా ఊరికే పోవలసి వచ్చినది. తెర కట్టుటకు చోటు లేదు. ఒక పెద్ద రైతు గారు ఉదారముగ తమ వాకిలి ఇచ్చిరి. చిత్రము తాగునీటి శుభ్రతను గూర్చినది. ఆ చిత్రము ఎవరికి ముఖ్యముగ కావలెనో వారే రాలేదు. మరునాడు మాలపల్లెకు పోయి, నాయనమ్మ స్నేహితురాలి కోడలిని అడిగితిని. ఆమె ఇట్లనెను: “ఊరి బయల్లో అయితే వచ్చేవాళ్లం బాబూ. వాళ్ల వాకిట్లో మేమెట్టా కూర్చుంటాం?”

ఆమెకు ఆ రైతుపై కోపము లేదు. ఆయన తప్పును లేదు. తప్పు బయలును పోగొట్టుకొన్న మాది. ఊరందరిదైన చోట ఎవరును ఎవరి అనుమతితోను కూర్చుండరు.

ఈ కొత్తపట్నమునకు ఈ మాట క్రొత్త కాదు. 1937లో ఇచట సాగిన రాజకీయ పాఠశాలను నాటి ప్రభుత్వము నిషేధించెను. జనము ఒకచోట కూడుట ఎంత విలువైనదో ఈ తీరము ఆనాడే ఎరుగును.

ఇక తమరు చేయదగిన పనులు కొన్ని మనవి చేసెదను.

మొదటిది: బయలును కొలిపించి, హద్దురాళ్లు పాతించి, పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో వ్రాయించుడు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపవలెనని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఆదేశించినది. సాంస్కృతిక కార్యక్రమములు, సంతలు, తిరునాళ్లు, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఉన్నవి.

రెండవది: అగ్నిభయము. 1897లో పారిస్‌లోని ఒక ధర్మసంతలో సినిమా యంత్రపు దీపము వలన మంటలు రేగి 126 మంది మరణించిరి. 1979లో తూత్తుకుడిలో పాక టాకీసు తగులబడి అనేకులు బలియైరి. నేటి యంత్రములలో మండు ఫిల్ము లేకున్నను విద్యుత్తు తీగలు ఉన్నవి. తాటాకు పందిరి వలదు. రెండు వైపుల దారి వదలుడు. ఇసుక బక్కెట్లు, నీళ్లు సిద్ధముగ ఉంచుడు. మిరపకాయ బజ్జీల పొయ్యి తెరకు, జనమునకు దూరముగ నుండవలెను.

మూడవది: కాలము. తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషిద్ధము. మెట్టలో మిరపకోత కూడ అప్పటికి ముగియును. పల్లెకారులును రైతుకూలీలును ఇంటిపట్టున నుండు ఆ రెండు నెలలే ప్రదర్శనలకు అనువైనవి. తుపానుల కాలమున వలదు. రాత్రి 10 గంటల తరువాత మైకు వాడరాదని 2000 నాటి నిబంధనలు చెప్పుచున్నవి.

నాలుగవది: చిత్రము. హక్కుదారుల అనుమతి లేనిదే బహిరంగ ప్రదర్శన కూడదు. విడుదలైన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు గడచినచో చలనచిత్ర హక్కు ముగియును. కథ, సంగీతముల హక్కులు వేరుగ నుండవచ్చును గనుక విచారించి వేయుడు. బొమ్మకు ముందు అరగంట స్థానిక కళాకారులకు ఇచ్చినచో పాత పద్ధతియు నిలుచును, వారికి నాలుగు రూకలును దక్కును.

ఐదవది: సొమ్ము. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినపుడు రాష్ట్రపు వినోదపు పన్ను అందు కలిసినను, స్థానిక సంస్థలు విధించు వినోదపు పన్నునకు రాజ్యాంగములో చోటు మిగిలియే ఉన్నది. సర్కసు వారికో, రంగులరాట్నము వారికో బయలును ఇచ్చినపుడు అద్దె నిర్ణయించి రసీదు ఇండు. ఊరి వారి ఉచిత ప్రదర్శనకు మాత్రము ఏమియు పుచ్చుకొనవలదు.

చివరగా ఒక్క మాట. తమరు ఇండ్లకు పోయిన పిదప, మీ ఊరిలో గుడారము ఎచట వేసెడివారో పెద్దలనడుగుడు. వారు చేయి చాపి చూపిన చోటికి నడచిపోయి చూడుడు. అది ఇంకను ఖాళీగా నున్నచో రేపే కొలిపించుడు. లేనిచో, వచ్చు గ్రామసభలో ఆ ప్రశ్నను మీరే మొదట లేవదీయుడు.

సెలవు. జై హింద్.